రోగం కాదు, బంధం: చెట్టు వేరు రహస్యం విప్పిన ఆల్బెర్ట్ ఫ్రాంక్

పప్పుజాతి మొక్కల వేరు బొడిపెల్లో రైజోబియం అనే సూక్ష్మజీవి నివసిస్తుందని మన దేశంలో ఉన్నత పాఠశాల విద్యార్థులు చదువుకుంటారు. చెట్ల వేర్లకూ శిలీంధ్రాలకూ మధ్య ఉండే అనుబంధాన్ని మైకోరైజా అంటారని పై తరగతుల్లో నేర్చుకుంటారు. ఈ రెండు పేర్లనూ శాస్త్రానికి ఇచ్చినవారు ఒక్కరే. ఆయన జర్మనీకి చెందిన వృక్షశాస్త్రవేత్త ఆల్బెర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్. మొక్కల రోగాలను శోధించడం ఆయన వృత్తిలో ప్రధాన భాగం. అటువంటి వ్యక్తి, చెట్టు వేరును చుట్టుకొని ఉన్న శిలీంధ్రాన్ని చూసి అది రోగం కాదనీ, చెట్టుకు ఆహారం అందించే బంధమనీ ప్రకటించారు. సమకాలికుల్లో పలువురు నమ్మలేదు. ఆయన కన్నుమూసిన వందేళ్ల తరువాత, జన్యువులను చదవడం నేర్చుకున్న శాస్త్రం అదే ప్రశ్నను మళ్లీ చేపట్టింది. అది చెప్పిన సమాధానం ఆయన కాలంలో ఎవరూ ఊహించగలిగినది కాదు.

డ్రెస్డెన్ నుంచి లైప్‌జిగ్‌కు

ఫ్రాంక్ 1839 జనవరి 17న శాక్సనీ రాజధాని డ్రెస్డెన్‌లో జన్మించారు. లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో విద్య పూర్తిచేసి, అక్కడి వృక్ష నమూనాల భాండాగారానికి సంరక్షకులయ్యారు. అయితే ఎండబెట్టి భద్రపరచిన మొక్కలకన్నా, బతికి పెరిగే మొక్కే ఆయనను ఎక్కువగా ఆకర్షించింది. వేరు కిందికే ఎందుకు పోతుంది, కాండం పైకే ఎందుకు లేస్తుంది అనే ప్రశ్న అప్పటికి పెద్ద చర్చనీయాంశం. మెత్తని వేరు కొన తన బరువుకు తానే వంగి కిందికి జారుతుందని ప్రసిద్ధ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ హోఫ్‌మైస్టర్ భావించారు. ఫ్రాంక్ దానితో ఏకీభవించలేదు. వేరు ఒరిగిపోవడం లేదని, ఒక పక్క ఎక్కువగా, మరో పక్క తక్కువగా పెరగడం వల్ల అది తనంతట తానుగా వంగుతున్నదని 1868లో వాదించారు. భూమ్యాకర్షణకు మొక్క స్పందించే ఈ గుణానికి ఆయన వాడిన జియోట్రోపిజం అనే మాట పాఠ్యగ్రంథాల్లో స్థిరపడింది. చార్లెస్ డార్విన్ 1880లో మొక్కల చలనాలపై వెలువరించిన గ్రంథంలో ఫ్రాంక్ పరిశీలనలు చర్చకు వచ్చాయి.

అప్పటికి ముప్పై ఏళ్లయినా నిండని యువకుడు పేరుమోసిన పెద్దల అభిప్రాయాన్ని కాదనడం చిన్న సంగతి కాదు. అందరూ ఒప్పుకున్న మాటను కంటికి కనిపించిన సాక్ష్యంతో పోల్చి చూడటం ఆయనకు తొలినాళ్ల నుంచీ అలవాటు. ఆ అలవాటు ఆయనకు కీర్తినీ తెచ్చింది, వివాదాలనూ తెచ్చింది.

తీర్పు చెప్పని ఒక మాట

చెట్ల బెరడుపైనా రాళ్లపైనా పెచ్చులుగా కనిపించే లైకెన్లు ఒకే మొక్క కావని, శైవలమూ శిలీంధ్రమూ కలిసిన రూపమని స్విట్జర్లాండ్‌కు చెందిన సైమన్ ష్వెండెనర్ 1860ల చివరలో ప్రతిపాదించారు. శిలీంధ్రం యజమాని, శైవలం దానికి చిక్కిన బానిస అన్నట్లుగా ఆయన ఆ సంబంధాన్ని వర్ణించారు. ఈ ప్రతిపాదన ఐరోపా వృక్షశాస్త్ర లోకాన్ని రెండుగా చీల్చింది.

బెరడుపై పెరిగే లైకెన్లను పరిశీలించిన ఫ్రాంక్‌కు ఆ వర్ణన తృప్తినివ్వలేదు. ఒకటి మరొకదాన్ని పీల్చి బతుకుతున్నదో, రెండూ లాభపడుతున్నాయో తేలకముందే పరాన్నజీవి అనే ముద్ర వేయడం సరికాదని ఆయన అభిప్రాయం. రెండు భిన్న జాతులు ఒకదానిపైన ఒకటిగానో, ఒకదానిలో ఒకటిగానో కలిసి బతుకుతున్నాయనే వాస్తవాన్ని మాత్రమే చెప్పే పదం కావాలనుకున్నారు. అందుకోసం 1877లో సింబయోటిస్మస్ అనే మాటను ప్రవేశపెట్టారు. మరుసటి ఏడాది కాసెల్ నగరంలో అంటోన్ డి బారీ చేసిన ప్రసంగంతో సింబయోసిస్, అంటే సహజీవనం, అనే రూపం లోకమంతటా వ్యాపించింది. పేరు ప్రతిష్ఠలు ఎక్కువగా డి బారీకే దక్కాయి. మాట పుట్టుకలో మాత్రం ఫ్రాంక్ ముందున్నారు.

నేటి వాడుకలో సహజీవనం అంటే పరస్పర మేలు అనే అర్థమే మనసులో మెదులుతుంది. ఫ్రాంక్ ఉద్దేశం అది కాదు. మేలో కీడో ముందే నిర్ణయించకుండా, ముందు చూడాలి, తరువాత తేల్చాలి అన్నది ఆ పదం వెనుక ఉన్న నియమం. ఎనిమిదేళ్ల తరువాత వేర్ల విషయంలో ఆయనకు దారి చూపినది ఈ నియమమే.

ట్రఫుల్ కోసం తవ్వితే

1880లో ఫ్రాంక్ మొక్కల రోగాలపై విస్తృతమైన గ్రంథం వెలువరించారు. మరుసటి ఏడాది బెర్లిన్‌లోని రాయల్ వ్యవసాయ కళాశాలలో మొక్కల శరీరధర్మశాస్త్ర ఆచార్యులుగా నియమితులయ్యారు. ఆ పదవిలో ఉండగానే ప్రష్యా వ్యవసాయ శాఖ ఆయనకు ఒక పని అప్పగించింది. నేలలోపల పెరిగే ట్రఫుల్ అనే సువాసనగల శిలీంధ్రానికి ఐరోపా భోజనశాలల్లో గొప్ప గిరాకీ ఉండేది. ఫ్రాన్స్ దక్షిణ ప్రాంతాల్లో ఓక్ చెట్లు నాటి వాటి కింద ట్రఫుల్స్ పండించడం అప్పటికే సాగుతోంది. ప్రష్యా అడవుల్లోనూ దాన్ని పెంచగలమా అన్నది ప్రభుత్వ ప్రశ్న.

ట్రఫుల్ ఎప్పుడూ చెట్ల సమీపంలోనే ఎందుకు దొరుకుతుందో తెలుసుకోవడానికి ఫ్రాంక్ వేర్లను తవ్వించి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. వేర్ల కొసలన్నీ శిలీంధ్రపు పోగులతో అల్లిన తొడుగు కప్పుకొని ఉన్నాయి. సాధారణంగా వేరుకు ఉండవలసిన నూగు, అంటే మూలకేశాలు, అక్కడ కనిపించలేదు. మట్టికీ వేరుకూ మధ్య ప్రతిచోటా శిలీంధ్రమే ఉంది. ఆ తొడుగు నుంచి బయలుదేరిన కొన్ని పోగులు మట్టిలోకి పాకాయి. మరికొన్ని వేరు పైపొర కణాల మధ్య సందుల్లోకి చొరబడి వల అల్లాయి, కానీ కణాలను పగలగొట్టి లోపలికి పోలేదు.

ట్రఫుల్స్ లేని చోట్లకూ ఆయన పరిశీలన విస్తరించింది. ఓక్, బీచ్, హార్న్‌బీమ్, హేజెల్, చెస్ట్‌నట్ వంటి చెట్ల వేర్లను వేర్వేరు ప్రాంతాల నుంచి, వేర్వేరు నేలల నుంచి సేకరించి చూశారు. ఈ తొడుగు అంతటా ఉంది. లేత మొక్కల్లోనూ ఉంది, ముదురు చెట్లలోనూ ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, అది ఉన్న చెట్లు నిక్షేపంగా ఉన్నాయి. రోగాల మీద గ్రంథం రాసిన మనిషికి రోగ లక్షణాలు ఎలా ఉంటాయో తెలుసు. ఇక్కడ అవి ఏవీ లేవు.

1885లో జర్మన్ వృక్షశాస్త్ర సంఘం పత్రికలో ఆయన తన నిర్ణయాన్ని ప్రచురించారు. ఈ చెట్లు నేల నుంచి నీటినీ పోషకాలనూ స్వయంగా కాక శిలీంధ్రం ద్వారా గ్రహిస్తున్నాయని, చెట్టు పాలిట శిలీంధ్రం దాదివలె వ్యవహరిస్తున్నదని, బదులుగా చెట్టు ఆకుల్లో తయారైన ఆహారంలో కొంత పొందుతున్నదని ఆయన చెప్పారు. వేరూ శిలీంధ్రమూ కలిసి ఏర్పడిన ఈ అవయవానికి గ్రీకు మాటల కలయికతో మైకోరైజా, అంటే శిలీంధ్రమూలం, అని పేరు పెట్టారు. 1887లో వాటిని రెండు రకాలుగా విభజించారు. వేరు వెలుపల తొడుగు కట్టేవి బాహ్య రకం. వేరు కణాల లోపలికి ప్రవేశించేవి అంతర రకం.

ప్రష్యా మాత్రం ట్రఫుల్ తోటల దేశం కాలేదు. అప్పగించిన పని నెరవేరలేదు, కానీ దాని వెంట వెళ్లిన చూపు ఒక కొత్త శాస్త్రశాఖకు పునాది వేసింది.

తండ్రి గీసిన బొమ్మ, కొడుకు అభ్యంతరం

వేర్లపై ఈ నిర్మాణాన్ని చూసిన మొదటి వ్యక్తి ఫ్రాంక్ కారు. జర్మన్ అటవీశాస్త్రవేత్త థియోడర్ హార్టిగ్ 1840 ప్రాంతంలోనే పైన్ వేరు కణాల మధ్య ఉన్న వలను బొమ్మగా గీశారు. అయితే అది శిలీంధ్రమని ఆయన గుర్తించలేదు. నేటికీ ఆ నిర్మాణాన్ని హార్టిగ్ వల అనే పిలుస్తారు. పోలండ్‌కు చెందిన ఫ్రాన్సిషెక్ కమియెన్స్కీ 1880ల ఆరంభంలో, పచ్చదనం లేని మోనోట్రోపా అనే మొక్క తన వేర్లను కప్పిన శిలీంధ్రం ద్వారానే పోషణ పొందుతున్నదని రాశారు. ఫ్రాంక్ చేసినది ఈ విడి పరిశీలనలకు మించినది. అడవి అంతటికీ వర్తించే సూత్రంగా దాన్ని నిలబెట్టడం ఆయన ప్రత్యేకత.

ఆ సూత్రాన్ని గట్టిగా వ్యతిరేకించిన వారిలో థియోడర్ కుమారుడు రాబర్ట్ హార్టిగ్ ప్రముఖులు. ఆయనా 1839లోనే పుట్టారు. అడవి చెట్లకు శిలీంధ్రాల వల్ల కలిగే తెగుళ్లను శాస్త్రీయంగా నిరూపించి, అటవీ రోగశాస్త్రానికి ఆద్యుడిగా పేరు పొందారు. కాండాన్ని కుళ్లబెట్టి చంపే శిలీంధ్రాలను జీవితమంతా చూసిన వ్యక్తికి, వేరులో చొరబడిన శిలీంధ్రం చెట్టుకు మేలు చేస్తుందంటే నమ్మబుద్ధి కాకపోవడం సహజం. శిలీంధ్రం చేరిన వేరుకొసలు పొట్టిగా, ఉబ్బి, వికృతంగా మారడం కూడా అనుమానానికి తావిచ్చింది. అది దండయాత్ర అయితే చెట్టు ఎందుకు చావడం లేదు? సహకారం అయితే రుజువు ఏది? రెండు పక్షాలకూ ఇవి న్యాయమైన ప్రశ్నలే.

రుజువు కోసం ఫ్రాంక్ పైన్ విత్తనాలను రెండు రకాల మట్టిలో నాటారు. ఒకటి అడవి నుంచి తెచ్చిన మామూలు మట్టి, మరొకటి వేడిచేసి శిలీంధ్రాలను చంపిన మట్టి. శిలీంధ్రం చేరిన మొలకలు ఏపుగా పెరిగాయి. వేడిచేసిన మట్టిలోనివి వెనుకబడ్డాయి. ఈ ఫలితాలను 1894లో ప్రకటించారు. అయితే మట్టిని వేడిచేస్తే దాని రసాయన గుణమూ మారుతుంది కనుక ఆ ఒక్క ప్రయోగంతో వాదం ముగిసిపోలేదు.

తడబడిన అడుగు

ఫ్రాంక్ ప్రతి వివాదంలోనూ గెలిచారని చెప్పడం చరిత్రకు న్యాయం కాదు. పప్పుజాతి మొక్కలు బొడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని వినియోగించుకుంటాయని హెర్మన్ హెల్‌రీగెల్ 1886లో బెర్లిన్‌లో ప్రకటించి, హెర్మన్ విల్‌ఫార్త్‌తో కలిసి నిరూపించారు. గాలిలోని నత్రజనిని గ్రహించే శక్తి పప్పుజాతికి పరిమితం కాదని, ఇతర మొక్కలకూ ఉన్నదని ఫ్రాంక్ వాదించారు. ఆ వాదం నిలవలేదు. బొడిపెల్లోని జీవికి 1889లో రైజోబియం అని పేరు పెట్టినది ఆయనే అయినా, దాని పనిని సరిగా వివరించిన ఘనత ఇతరులకు దక్కింది. ఈ ఓటమి నీడ ఆయన మైకోరైజా సిద్ధాంతం మీదా పడకుండా ఉండలేదు.

జీవితపు చివరి ఏళ్లలో ఆయన బెర్లిన్‌లోని ఇంపీరియల్ ఆరోగ్య కార్యాలయంలో వ్యవసాయ, అటవీ జీవశాస్త్ర విభాగానికి సారథ్యం వహించారు. 1900 సెప్టెంబర్ 27న, 61 ఏళ్ల వయసులో కన్నుమూశారు. గ్రెగర్ మెండెల్ సూత్రాలు మరుగు నుంచి మళ్లీ వెలుగులోకి వచ్చినదీ ఆ ఏడాదే. జన్యుశాస్త్రం అప్పుడే కళ్లు తెరుస్తోంది. ఫ్రాంక్ ప్రశ్నకు సమాధానం ఆ శాస్త్రం నుంచి రావలసి ఉంది.

రుజువులు వచ్చిన క్రమం

1920లలో స్వీడన్ శాస్త్రవేత్త ఎలియాస్ మెలిన్ శుద్ధంగా పెంచిన శిలీంధ్రాన్ని, ఏ సూక్ష్మజీవీ అంటని పైన్ మొలకనూ ఒకచోట చేర్చి ప్రయోగశాలలో మైకోరైజాను సృష్టించి చూపారు. 1950లో ఆయన బృందం రేడియోధార్మిక భాస్వరాన్ని శిలీంధ్రపు పోగులకు అందించి, అది పైన్ మొలకలోకి చేరడాన్ని గుర్తించింది. 1957లో చెట్టు తయారుచేసిన కర్బనం శిలీంధ్రంలోకి పోవడమూ రుజువైంది. ఇచ్చిపుచ్చుకోవడం నిజమని తేలింది.

అడవులు పెంచేవారికి ఇది అనుభవంలోనూ తెలిసింది. ప్యూర్టోరికోలో పైన్ చెట్లు నాటే ప్రయత్నాలు ఏళ్ల తరబడి విఫలమయ్యాయి. 1955లో అమెరికాలోని ఉత్తర కరోలినా పైన్ అడవుల నుంచి మట్టి తెచ్చి వేసిన తరువాతే మొక్కలు నిలదొక్కుకున్నాయి. ఆ మట్టితోపాటు అక్కడికి చేరినది శిలీంధ్రమే.

మిగిలినది మరింత సూక్ష్మమైన ప్రశ్న. చొరబడే శిలీంధ్రాలను ఎదిరించడానికి ప్రతి చెట్టుకూ రక్షణ వ్యవస్థ ఉంది. ఈ ఒక్క శిలీంధ్రాన్ని అది లోపలికి ఎలా రానిస్తోంది?

కణం లోపలి మంతనం

ఓక్, పైన్, పాప్లర్ వంటి చెట్లతో జతకట్టే లక్కేరియా అనే పుట్టగొడుగు జన్యుపటాన్ని 2008లో అంతర్జాతీయ బృందం ప్రచురించింది. సుమారు 6.5 కోట్ల అక్షరాల ఆ పటంలో దాదాపు 20 వేల జన్యువులు ఉన్నాయి. అందులో లేనివి అంతకన్నా ఆశ్చర్యం కలిగించాయి. కర్రను కుళ్లబెట్టే శిలీంధ్రాలు మొక్క కణకవచాన్ని కరిగించడానికి వాడే ఎంజైముల జన్యువులు ఇందులో చాలావరకు కనుమరుగయ్యాయి. 2010లో వెలువడిన నల్ల ట్రఫుల్ జన్యుపటమూ అదే కథ చెప్పింది. కుళ్లబెట్టే పూర్వీకుల నుంచి వచ్చిన శిలీంధ్రాలు ఆ ఆయుధాలను వదులుకొని చెట్టుతో పొత్తు కుదుర్చుకున్నాయి. ఇటువంటి మార్పు వేర్వేరు శిలీంధ్ర వంశాల్లో వేర్వేరుగా, పలుమార్లు జరిగిందని 2015 నాటి విస్తృత పరిశీలన తెలిపింది. ఫ్రాంక్ చూసిన పోగులు కణాలను పగలగొట్టకుండా సందుల్లోనే ఎందుకు నిలిచిపోయాయో దీనితో కొంతవరకు బోధపడుతుంది.

అయితే లక్కేరియా అన్ని ఆయుధాలూ దించలేదు. అది మిస్ప్-7 అనే చిన్న ప్రొటీన్‌ను వెలువరిస్తుందని, ఆ ప్రొటీన్ పాప్లర్ వేరు కణంలోకి దూరి నేరుగా కేంద్రకాన్ని చేరుతుందని 2011లో కనుగొన్నారు. అది చేసే పని 2014లో తెలిసింది. మొక్కల్లో జాస్మోనిక్ ఆమ్లం అనే హార్మోను రక్షణకు పిలుపునిస్తుంది. జాజ్-6 అనే ప్రొటీన్ ఆ రక్షణ జన్యువులకు తాళం వేసి ఉంచుతుంది. హార్మోను వచ్చినప్పుడు జాజ్-6 ధ్వంసమై తాళం తెరుచుకుంటుంది. శిలీంధ్రపు మిస్ప్-7 వెళ్లి జాజ్-6ను పట్టుకొని ధ్వంసం కాకుండా కాపాడుతుంది. తాళం తాళంగానే ఉండిపోతుంది, శిలీంధ్రం వల అల్లుకుంటుంది. ఈ ప్రొటీన్‌ను తయారుచేయలేని లక్కేరియాకు వేరులో స్థానం దొరకలేదు.

తెగులు కలిగించే జీవులు మొక్క రక్షణను మాయచేయడానికి వాడే ఉపాయమూ దాదాపు ఇదే. అంటే రాబర్ట్ హార్టిగ్ అనుమానం పూర్తిగా నిరాధారం కాదు. శిలీంధ్రం తలుపు తెరిపించే పద్ధతి చొరబాటుదారుదే. లోపలికి వచ్చిన తరువాత జరిగేది మాత్రం ఫ్రాంక్ చెప్పిన ఇచ్చిపుచ్చుకోవడం. ఇదంతా ఒక శిలీంధ్రం, ఒక చెట్టు జంటలో తేలిన సంగతి. అన్ని జంటలూ ఇదే ప్రొటీన్‌ను వాడవు. రోగానికీ బంధానికీ మధ్య గీత మాత్రం చాలా సన్ననిదని అది స్పష్టం చేసింది. మేలో కీడో ముందే తేల్చవద్దన్న 1877 నాటి నియమం విలువ ఇక్కడ తెలుస్తుంది.

ఒకే దారి, పలు బంధాలు

మొక్క పక్షాన జరిగేది ఇంకా విశేషం. రైజోబియం బాక్టీరియా, కణాల లోపలికి ప్రవేశించే అంతర మైకోరైజా శిలీంధ్రాలు తమ రాకను తెలిపే రసాయన సంకేతాలు పంపుతాయి. ఆ సంకేతం అందగానే వేరు కణపు కేంద్రకం చుట్టూ కాల్షియం స్థాయి లయబద్ధంగా ఎగసిపడుతుంది. దాన్ని చదివే జన్యువుల వరుస రెండు బంధాలకూ చాలావరకు ఉమ్మడిదే. లక్కేరియా సైతం ఇటువంటి సంకేతాన్నే తయారుచేసి, పాప్లర్‌లో ఈ ఉమ్మడి దారినే ఉపయోగించుకుంటున్నదని 2019లో తేలింది. పైన్ కుటుంబం మాత్రం ఆ దారిలోని కొన్ని జన్యువులను పోగొట్టుకుంది. అయినా శిలీంధ్రాలతో విడదీయరాని బంధం కొనసాగిస్తోంది. దాని దారి ఏమిటన్నది నేటి పరిశోధకుల ముందున్న ప్రశ్న.

ఫ్రాంక్ చేసిన రెండు రకాల విభజన మన అడవులకూ వర్తిస్తుంది. గుగ్గిలం ఇచ్చే సాల వృక్షం, హిమాలయాల పైన్, ఓక్ చెట్లు బాహ్య రకానివి. మామిడి, టేకు, వేప అంతర రకానివి. తొలకరి వానలకు జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ సాల అడవుల్లో గిరిజనులు నేల తవ్వి ఏరుకునే రుగ్డా, సాల వేర్లతో జతకట్టిన శిలీంధ్రపు పంటే. సాల చెట్టును నరికితే పోయేది కలప మాత్రమే కాదు, దాని వేళ్ల మీద ఆధారపడిన ఆ పంట కూడా.

ఫ్రాంక్ పేరు కోస్తా ఆంధ్ర ఇసుక నేలల్లోనూ ఉంది. ఆయన వద్ద పనిచేసిన నార్వే శాస్త్రవేత్త యోర్గెన్ బ్రున్‌ఖోర్స్ట్ 1886లో ఒక వేరు బొడిపె జీవికి గురువు పేరిట ఫ్రాంకియా అని నామకరణం చేశారు. సరుగుడు చెట్టు వేర్లలో నత్రజనిని స్థాపించి, సారం లేని ఇసుకలోనూ ఆ చెట్టును నిలబెట్టేది ఈ ఫ్రాంకియాయే. ఫ్రాంకియాతోనూ, అంతర మైకోరైజా శిలీంధ్రంతోనూ సరుగుడు జతకట్టడానికి ఒకే జన్యువు అవసరమని, పప్పుజాతి మొక్కలు రైజోబియంను ఆహ్వానించడానికి వాడే జన్యువుకు అది సాటిదని 2008లో రుజువైంది. ఫ్రాంక్ పేరు పెట్టినవి రెండు, ఆయన పేరు పెట్టుకున్నది ఒకటి. ఈ మూడింటికీ వేరు వాకిలి తెరిచేది ఒకే తాళంచెవి.